ఇంజిన్ బోర్ చేయించాలా, పాత ఇంజిన్ కొని వేయించాలా?

ప్రశ్న: అన్నా, నాది 2011 పెట్రోల్ కారు, 1.9 లక్షల కిలోమీటర్లు తిరిగింది. వెయ్యి కిలోమీటర్లకు లీటరు ఆయిల్ తాగేస్తోంది, పొద్దున్నే స్టార్ట్ చేస్తే నీలం పొగ. మెకానిక్ బోర్ చేయిద్దామంటాడు (అరిగిన సిలిండర్లను కాస్త పెద్దవి చేసి, వాటికి సరిపోయే పిస్టన్లు వేయడం), మా బావేమో విజయవాడ ఆటోనగర్‌లో పాత ఇంజిన్ చూద్దామంటాడు. టెన్షన్‌గా ఉంది.

జవాబు 1: ముందు కంప్రెషన్ టెస్ట్, అంటే ఒక్కో సిలిండర్‌లో ఒత్తిడి ఎంత వస్తోందో చూసే టెస్ట్, చేయించావా? తక్కువ వచ్చిన సిలిండర్‌లో కాస్త ఆయిల్ పోసి మళ్లీ చూడమను, పెరిగితే పిస్టన్ రింగులో సిలిండర్ గోడలో అరిగినట్టు, పెరగకపోతే వాల్వుల దగ్గర చూడాలి. స్టార్టింగ్‌లోనే పొగ వస్తోందంటే వాల్వ్ సీల్స్ (వాల్వుల దగ్గర ఆయిల్ కారకుండా ఆపేవి) కూడా కావచ్చు, దానికి ఇంజిన్ దించక్కర్లేదు.

జవాబు 2: పాత ఇంజిన్ కొంటే బిల్లు తీసుకోండి, ఆర్టీఓలో ఆర్‌సీ మీద ఇంజిన్ నంబర్ మార్పించండి, లేకపోతే అమ్మేటప్పుడు తిప్పలే. క్రాంక్ (పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసు) బాగుంటే నేనైతే సొంత ఇంజినే బోర్ చేయిస్తా, ఆ పాత ఇంజిన్ ఎంత అరిగిందో ఎవరికి తెలుసు?

ప్రశ్న అడిగినవారు: ఆ టెస్ట్ గురించి మెకానిక్ అసలు చెప్పనేలేదు! రేపే అడుగుతా.