దూబగుంట ఆడవాళ్ల పోరాటం చివరికి వృథా అయినట్టేనా?

ప్రశ్న (ఒంగోలు, డిగ్రీ విద్యార్థి):
మా అమ్మమ్మది నెల్లూరు జిల్లా కలిగిరి పక్క ఊరు. దూబగుంట ఆడవాళ్లు 1990లలో నడిపిన సారా వ్యతిరేక ఉద్యమం మాట ఎత్తితే ఆమె గంటసేపు ఆపకుండా చెబుతుంది. 1995 జనవరి 16న అమల్లోకి వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో సడలించారని చదివిన తరువాత, ఆ శ్రమంతా ఏమైపోయిందన్న సందేహం కలిగింది. ఈ ఉద్యమం రాత్రి బడిలో పుట్టిందనే మాట కూడా నిజమేనా?

జవాబు 1 (కావలి, విశ్రాంత ఉపాధ్యాయుడు):
నిజమే నాయనా. పెద్దలకు చదువు నేర్పే అక్షరదీపం కార్యక్రమంలో నేను కూడా పాఠాలు చెప్పాను. పగలంతా నాట్లు వేసి వచ్చిన ఆడవాళ్లు లాంతరు చుట్టూ కూర్చుని, బురద సరిగ్గా వదలని వేళ్లతో పలకమీద అక్షరాలు దిద్దేవారు. భర్త తాగుడుకు బలైన సీతమ్మ కథ పాఠంగా వచ్చిన రాత్రి ఎవరూ పలక ముట్టలేదు. ఒకామె మాత్రం, ‘పేరు మార్చి మా ఇంటి సంగతే రాశారు కదయ్యా’ అన్నది. దూబగుంటలో రోశమ్మ, ఆమె వెంట నడిచిన ఆడవాళ్లు ఊరి సారా దుకాణాన్ని మూయించిన సంగతి ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠంగా తక్కిన పల్లెలకు చేరింది. 1992లో నెల్లూరులో సారా అమ్మే హక్కు కోసం జరిగే వేలంపాటలు పలుమార్లు వాయిదా పడ్డాయంటే, ఆ పాఠం ఎంత దూరం పోయిందో ఊహించుకో.

జవాబు 2 (ఉదయగిరి):
మాస్టారు చెప్పినదానితో నాకు పేచీ లేదు గానీ, రాజకీయం సంగతి కూడా చెప్పుకోవాలి. కిలో రెండు రూపాయల బియ్యంతో పేదల మనసు గెలిచిన ఎన్టీఆర్ ప్రభుత్వమే 1980లలో వారుణి వాహిని పేరుతో సారాను ప్లాస్టిక్ ప్యాకెట్లలో పల్లె పల్లెకూ చేర్చింది. బియ్యం మీద మిగిలిన డబ్బు సాయంత్రానికి ప్యాకెట్ల కింద పోయేది. అదే నాయకుడు 1994 డిసెంబరులో ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన వెంటనే మద్యనిషేధం మీద సంతకం పెట్టాడంటే, అది ఆయన ఔదార్యం కాదు, ఆడవాళ్ల ఓటు మీది భయమని నా అభిప్రాయం. నిషేధానికి హామీ ఇవ్వనిదే ఓటు అడగలేని పరిస్థితి అప్పటిది. 2019 ఎన్నికల్లో కూడా దశలవారీ నిషేధం హామీగా కనిపించింది.

జవాబు 1:
ఇంకొక్క మాట. 1993 అక్టోబరు 1న కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం రాష్ట్రమంతటా సారాను నిషేధించింది. 1997 సడలింపుతో సీసా మద్యం తిరిగి వచ్చింది గానీ సర్కారు సారా రాలేదు. నాటుసారా బెడద వేరే సంగతి.

ప్రశ్న అడిగినవారు:
ఇదంతా అమ్మమ్మకు చదివి వినిపించాను. ఆమె మద్యం మాట పక్కన పెట్టి, సారా ఆగిన తరువాత రోజుకు రూపాయి చొప్పున దాచిన పొదుపులక్ష్మి (ఆడవాళ్ల పొదుపు పథకం) పుస్తకం తెచ్చి చూపించింది. అట్టమీద ఆమె పేరు ఆమె చేతిరాతలోనే ఉంది, ఒక గుడి దీర్ఘం తప్పుగా.