పోలిష్ సైనికుడి టోపీ నలుచదరంగా రావడం లేదు, ఏం చేయాలి?

నమస్కారం. 1813 నాటి లైప్‌జిగ్ యుద్ధాన్ని బొమ్మ సైనికులతో బల్లమీద ఆడాలని, నెపోలియన్ పక్షాన పోరాడిన సేనాని పోనియాటోవ్‌స్కీ పోలిష్ దళం సిద్ధం చేస్తున్నాను. పోలిష్ బొమ్మలు విడిగా కొనే స్తోమత లేక, 28 మిల్లీమీటర్ల ఫ్రెంచ్ ప్లాస్టిక్ పదాతులనే మార్చుకుంటున్నాను.

కోటుతో ఇబ్బంది లేదు. 1812 నిబంధనల తరువాతి ఫ్రెంచ్ కోటు నడుము దాకా మూసి ఉంటుంది, వెనుక తోకలు పొట్టి. కాస్త దూరం నుంచి చూస్తే పోలిష్ సైనికుల పొట్టి కోటు కుర్త్కాలాగే ఉంటుంది. చిక్కంతా చాప్కా టోపీతోనే. కింద గుండ్రం, మధ్యలో సన్నం, పైన వెడల్పైన చదరం. ఫ్రెంచ్ బొమ్మల షాకో (గొట్టంలాంటి ఎత్తు టోపీ) పైభాగం కోసేసి, రెండు భాగాలు కలిపే ఎపాక్సీ పుట్టీతో కట్టాను. పుట్టీ వేలికి అంటుకుంటోంది, మూలలు మొద్దుబారి టోపీ కాస్తా ఇడ్లీలా తయారవుతోంది! ఆరు తలలు ఇప్పటికే పాడయ్యాయి, ఇంకా పద్దెనిమిది మిగిలాయి.

పుట్టీ పూర్తిగా గట్టిపడ్డాక బ్లేడుతో చెక్కడం మేలా, లేక పలుచటి ప్లాస్టిక్ షీటును చదరంగా కోసి పైన అతికించడం మేలా? ఒక్కటి చక్కగా చేసి, అచ్చు తీసి మిగతావి పోత పోసినవారు ఎవరైనా ఉన్నారా?

ఇంకొకటి. ముదురు నీలం కోటు మీద తెల్లటి ఛాతీ పట్టీలు వేస్తే సున్నం కొట్టినట్టు పొడిపొడిగా కనిపిస్తున్నాయి. అడుగున బూడిదరంగు వేయాలా? రంగులో నీళ్లు ఎంత కలుపుతారు? నావి అక్రిలిక్ రంగులు.