సంక్రాంతి సెలవుల్లో ఆగ్నేయాసియా: గుళ్లా, గుట్టలా?

నాచారం నాగు

అందరికీ నమస్తే. జనవరి 10 నుంచి 18 దాకా తొమ్మిది రోజులు సెలవు దొరికింది. నలుగురం వెళ్తాం: నేను, మా ఆవిడ, ఇంటర్ ఫస్టియర్ చదివే మా వాడు, అరవై నాలుగేళ్ల మా అమ్మ. అమ్మకి కంబోడియాలోని అంకోర్‌వాట్ గుడి చూడాలని ఎప్పటి నుంచో కోరిక. మా వాడికి గుడి అంటే ఆవులింతలే. వియత్నాం ఉత్తరాన హా గియాంగ్ లూప్ వీడియోలు చూసి, "నాన్నా, బైకుల మీద కొండలు తిరుగుదాం" అని ప్రాణం తీస్తున్నాడు. ఇద్దరి మాటా పోకుండా ఒక ట్రావెల్స్ అతను ప్లాన్ వేసిచ్చాడు: బ్యాంకాక్, సియెమ్ రీప్ (అంకోర్‌వాట్ పక్క ఊరు), హనోయ్, బాలి. తొమ్మిది రోజుల్లో నాలుగు దేశాలు! అడ్వాన్స్ కట్టే ముందు మీ మాట వినాలని ఆగాను. అమ్మ శాకాహారి. మోకాళ్ల నొప్పులంటుంది, కానీ పోయినేడు శ్రీవారి మెట్టు ఎక్కే వెళ్లింది.

గేర్ మార్చు

ఆ నాలుగు దేశాల కాగితం చించెయ్ బ్రో. అది టూర్ కాదు, విమానాశ్రయాల దర్శనం.

నా ఓటు మీవాడికే. హా గియాంగ్ లూప్ దాదాపు 350 కిలోమీటర్లు, మూడు నాలుగు రోజుల పని. మా పి లెంగ్ అనే కనుమ దగ్గర బండి ఆపి కిందికి చూస్తే న్యో క్వే నది ఆకుపచ్చ దారం పోగులా కనిపిస్తుంది. రోడ్డుకు ఒక పక్క సున్నపురాయి గోడ, ఇంకో పక్క ఏమీ ఉండదు. రాత్రి ఏదో ఒక పల్లెలో వాళ్లింట్లోనే భోజనం, పడక. పదహారేళ్ల కుర్రాడికి ఇది జన్మంతా గుర్తుంటుంది. గుడి అంటారా, తొమ్మిది వందల ఏళ్లుగా నిలబడి ఉంది, ఇంకో పదేళ్లు నిలబడదా? తర్వాత చూడొచ్చు.

సింగపూర్ సీత

గుడి నిలబడుతుంది తమ్ముడూ, వాళ్లమ్మగారి మోకాళ్ల సంగతేంటి? పదేళ్లాగితే ఆవిడకి డెబ్బై నాలుగు.

నాగు గారూ, నేను ఇక్కడికొచ్చి పద్నాలుగేళ్లు. చుట్టుపక్కల దేశాలన్నీ పిల్లలతోనూ తిరిగాను, అత్తగారితోనూ తిరిగాను. హా గియాంగ్ అందం గురించి ఆ తమ్ముడు చెప్పిందంతా నిజమే. చెప్పనివి రెండున్నాయి.

మొదటిది లైసెన్సు. మన ఆర్టీఏ ఇచ్చే ఇంటర్నేషనల్ పర్మిట్ 1949 నాటి అంతర్జాతీయ రోడ్డు రవాణా ఒప్పందం ప్రకారం ఇచ్చేది. వియత్నాం ఒప్పుకునేది 1968 ఒప్పందం ప్రకారం ఇచ్చిన పర్మిట్‌ని. అంటే మనవాళ్లు అక్కడ మామూలు గేర్ బండి నడిపితే లెక్కకి లైసెన్సు లేనట్టే. బండి అద్దెకిచ్చేవాడు ఇవన్నీ అడగడు, తాళం చేతిలో పెడతాడు. మా ఆడపడుచు కొడుకు అలాగే తీసుకుని ఒక మలుపులో కంకర మీద జారాడు. మణికట్టు విరిగింది. ఇన్సూరెన్స్ వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న "లైసెన్సు ఏది?" రూపాయి రాలేదు. మీవాడికి పదహారేళ్లేగా, ఎలాగూ నడపకూడదు. మరి నడిపేదెవరు, మీరా? నాచారం నుంచి హైటెక్ సిటీకి నడిపిన అనుభవంతోనా?

రెండోది జనవరి. ఆ కొండల్లో ఆ నెలలో చలి ఎముకలు కొరుకుతుంది, పొగమంచు కమ్మితే ఆ నదీ కనపడదు, ఆ లోయా కనపడదు. లంబసింగిలో తెల్లారుజామున బండి మీద వెళ్లినవాళ్లకి అర్థమవుతుంది. ఇది దానికంటే ఎక్కువ, అదీ రోజంతా.

గేర్ మార్చు

లైసెన్సు సంగతి ఒప్పుకుంటా అక్కా. నేను వెళ్లినప్పుడు నాకూ తెలియదు, పోలీసులు ఆపలేదు కాబట్టి బతికిపోయా. కానీ దానికి దారుంది. అక్కడ ఈజీ రైడర్ అని ఉంటారు. స్థానిక కుర్రాడు నడుపుతాడు, మనం వెనక కూర్చోవడమే. చలికి జాకెట్ ఉంది. అసలు గొడవ లైసెన్సు కాదు. మనవాళ్లు ఏ దేశం వెళ్లినా ముందు గుడి, తర్వాత ఇండియన్ రెస్టారెంట్, తర్వాత షాపింగ్. ఎనభై వేలు పెట్టి పిల్లాడికి మళ్లీ గుడే చూపిస్తారా?

భీమిలి బాటసారి

మీరిద్దరూ కొట్టుకుంటుంటే మధ్యలో ఇండోనేషియాలోని జావా దీవిని మర్చిపోయారు. గుళ్లూ గుట్టలూ ఒకే దీవిలో. యోగ్యకర్త దగ్గర బోరోబుదూర్ బౌద్ధ స్తూపం, ప్రంబనన్ గుళ్లు. తూర్పుకి వెళ్తే బ్రోమో, ఇజెన్ అగ్నిపర్వతాలు.

బోరోబుదూర్ పైకి రోజుకి 1,200 మందినే ఎక్కనిస్తున్నారు. రాయి అరిగిపోకుండా మన చెప్పులు విప్పించి, ఆకుతో అల్లినవి వాళ్లే ఇస్తారు. వాటి పేరు "ఉపానత్". మన ఉపానహమే! ఆ మాట విని నేను అక్కడే నవ్వేశాను. ప్రంబనన్‌లో శివాలయం 47 మీటర్ల ఎత్తు, చుట్టూ గోడల మీద రామాయణం.

ఇక ఇజెన్. రాత్రి రెండింటికి కొండెక్కడం మొదలుపెట్టాం. బిలం లోపల గంధకం వాయువు గాలి తగిలి నీలంగా మండుతుంది, చీకట్లోనే కనిపిస్తుంది. మాస్కు ఉన్నా గొంతు మండింది. నేను మంట ఫోటో తీసుకునే హడావుడిలో ఉంటే వెనక నుంచి ఎవరో "హలో, హలో" అన్నారు. చూస్తే కావడి. అచ్చం మన కావడే, రెండు వైపులా బుట్టలు, బుట్టల్లో పసుప్పచ్చ గంధకం గడ్డలు, డెబ్బై కిలోల పైనే. మోస్తున్నాయనకి మాస్కు లేదు, తడి గుడ్డ పళ్లతో కరిచి పట్టుకున్నాడు. దారి ఇచ్చాను. ఆ తర్వాత ఫోటో తీయబుద్ధి కాలేదు. మీవాడికి చూపించాల్సింది ఇదీ అని నా అభిప్రాయం.

సింగపూర్ సీత

బాటసారి గారూ, బాగా రాశారు. మీరు వెళ్లింది ఏ నెలలో?

భీమిలి బాటసారి

ఆగస్టు.

సింగపూర్ సీత

అదీ సంగతి. జావాలో జనవరి నడి వానాకాలం. బ్రోమో సూర్యోదయం అని రెండింటికి లేచి, తెల్లటి మబ్బు చూసి వచ్చినవాళ్లు మా ఆఫీసులోనే ముగ్గురున్నారు. వేళాకోళం అనుకోకండి గానీ ఈ గొడవలో గుళ్లా గుట్టలా అన్నది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న, సెలవు ఏ నెలలో? మన సెలవులు మూడు ముక్కలు. వేసవి సెలవులకైతే జావా, బాలి; అంకోర్ రాళ్లు మాత్రం ఏప్రిల్‌లో పెనంలా కాలుతుంటాయి. దసరాకైతే వియత్నాం మధ్య భాగం వద్దే వద్దు, హోయ్ ఆన్ వీధుల్లో పడవలు తిరిగే కాలం అది. ఉత్తరాన హా గియాంగ్‌కి మాత్రం అక్టోబరు, నవంబరు బాగుంటాయి. సంక్రాంతికి? కంబోడియా. పొద్దున చల్లగా, పగలు ఎండ భరించేలా, వాన ఉండదు. మీ అమ్మగారి కోరికా, కేలండరూ ఒకే చోట కలిశాయి. ఇంకా ఆలోచనేంటి?

సనాతన సైనికుడు

అంకోర్‌వాట్ మన పూర్వీకులు కట్టిన ప్రపంచంలోనే పెద్ద విష్ణ్వాలయం. ప్రతి హిందువూ చూసి తీరాలి. బైకులూ గుట్టలూ ఏంటండీ?

రిటైర్డ్ లెక్కల మాస్టారు

బాబూ, కట్టింది రెండో సూర్యవర్మ, పన్నెండో శతాబ్దంలో. ఖ్మేర్ రాజు, అంటే కంబోడియా వాళ్లే. చెక్కింది ఖ్మేర్ శిల్పులు. దేవుడు మనకి తెలిసినవాడే, కథా తెలిసిందే, కట్టిన చేతులు వాళ్లవి. ఇప్పుడు అక్కడ జరిగేవి బౌద్ధుల పూజలు. మన గుడే అనుకుని కొబ్బరికాయతో వెళ్తే ఇబ్బంది పడతాం.

మన ఊరి పేరు వెతుక్కోవాలంటే వియత్నాం మధ్య భాగానికి వెళ్లాలి. అక్కడి పాత చంపా రాజ్యంలో ఒక సీమ పేరు అమరావతి. అందులోనే "మీ సన్" అనే చోటి శివాలయాలు. 1969లో అమెరికా బాంబులకి చాలా భాగం కూలింది. మన పురావస్తు శాఖ వాళ్లు కొన్ని గుళ్లు బాగుచేశారు. 2020లో ఆ పనిలోనే తొమ్మిదో శతాబ్దపు ఏకశిలా శివలింగం బయటపడింది. ఆ చంపా వాళ్లే 1177లో పడవల మీద వచ్చి ఖ్మేర్ రాజధాని అంకోర్‌ని దోచారు. ఖ్మేర్ వాళ్లు ఆ నీటి యుద్ధాల్ని అంకోర్‌లోనే ఉన్న బాయోన్ గుడి గోడల మీద చెక్కుకున్నారు. నీటిలో పడ్డవాళ్లని మొసళ్లు పట్టుకోవడం కూడా కనిపిస్తుంది.

నాగు గారూ, మా ఆవిడా నేనూ 2019లో వెళ్లాం. అంకోర్‌వాట్ తూర్పు వసారాలో క్షీరసాగర మథనం ఉంది. దాదాపు 49 మీటర్ల గోడ. అసురులు 92 మంది, దేవతలు 88 మంది. లెక్కల మాస్టార్ని కాబట్టి లెక్కపెట్టడం మొదలుపెట్టా, అరవై దాటాక తప్పింది. మధ్యలో విష్ణువు, కింద కూర్మం, చుట్టూ నీళ్లలో ముక్కలైన చేపలు. కవ్వానికి దగ్గర పడే కొద్దీ చేపలు తునకలైపోతుంటాయి. అంత వేగంగా తిరుగుతోందన్నమాట! దేవతల వరస చివర, వాసుకి తోక పట్టుకున్నదెవరో తెలుసా? ఒక కోతి. హనుమంతుడనే అంటారు అక్కడ. మనం విన్న సాగరమథనంలో హనుమంతుడు లేడు కదా! మా ఆవిడ పది నిమిషాలు అక్కడే నిలబడి "వీళ్లకి ఈ కథ ఎవరు చెప్పారండీ?" అని అడిగింది. గైడు దగ్గరా సమాధానం లేదు, నా దగ్గరా లేదు.

నాచారం నాగు

మాస్టారూ, మీ పోస్టు అమ్మకి చదివి వినిపించాను. ఇక ఆవిడ ముందు వేరే దేశం పేరెత్తలేను. కానీ మా వాడు మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. సీత గారూ, కంబోడియాలో వాడికేమైనా ఉందా? తిండి సంగతి కూడా చెప్పండి.

సింగపూర్ సీత

ఉంది. అంకోర్ గుళ్లకి మూడు రోజుల టికెట్ తీసుకోండి, మనిషికి 62 డాలర్లు. పది రోజుల్లో ఏ మూడు రోజులైనా వాడుకోవచ్చు, వరసగా తిరగక్కర్లేదు. అదే మీ ఇంటికి వరం. అమ్మగారు గుడి రోజు మర్నాడు కాళ్లు చాపుకుంటారు, మీరూ మీవాడూ బయటపడొచ్చు.

వాడికి సైకిల్ అద్దెకి తీయండి. అంకోర్ థామ్ అనే పాత కోట నగరం చుట్టూ అడవిలో మట్టి దారులున్నాయి, కందకం గట్టు మీద నుంచి కూడా తొక్కొచ్చు. తర్వాత క్బాల్ స్పియన్. ఒకటిన్నర కిలోమీటర్లు వేర్లు పట్టుకుని, రాళ్లెక్కి అడవిలో పైకి వెళ్తే వాగు వస్తుంది. వాగు అడుగు బండ మీదే వందల లింగాలు, శయన విష్ణువు చెక్కారు. నీళ్లు వాటి మీదుగా పారుతుంటాయి. వేసవికి వాగు ఎండిపోతుంది, జనవరిలో ఇంకా తడి ఉంటుంది. దారిలోనే బంతేయ్ స్రేయ్, 967 నాటి గులాబీ రంగు రాతి గుడి. చెక్కడాల్లో అంకోర్‌వాట్ కంటే నాకిదే ఇష్టం. ఇక బెంగ్ మీలియా. కూలిన గుడి మీద అడవి మొలిచింది, చెక్క వంతెనల మీద నడుస్తూ చూడాలి. నా కొడుకు గుడి అన్న సంగతి మర్చిపోయి తిరిగింది అదొక్కచోటే. అక్కడ మాత్రం దారి తప్పి పొదల్లోకి వెళ్లనివ్వకండి. ఆ దేశంలో యుద్ధం నాటి మందుపాతరలు ఇంకా పూర్తిగా తీయలేదు.

తిండికి సియెమ్ రీప్‌లో మన హోటళ్లున్నాయి. స్థానిక వంటల్లో ప్రహోక్ అని పులియబెట్టిన చేప ముద్ద వేస్తారు, కూరలో కనపడదు. "మాంసం లేదు" అంటే చాలదు, "చేప కూడా వద్దు" అనాలి. డాలర్లు నడుస్తాయి గానీ మూల చిరిగిన నోటు ఇస్తే పుచ్చుకోరు, కొత్తవి తీసుకెళ్లండి. కొత్త విమానాశ్రయం ఊరికి దాదాపు గంట దూరం. బ్యాంకాక్ నుంచి బస్సులో వెళ్తే చవక అని ఎవరైనా చెప్తే వినకండి. 2025లో థాయ్, కంబోడియా సైన్యాలు సరిహద్దులో కాల్పులు జరుపుకున్నాక ఆ దారిని నమ్ముకోలేం. బయల్దేరే వారం మళ్లీ వార్తలు చూసుకోండి.

గేర్ మార్చు

సైకిల్! అక్కా, పిల్లాడు మా పి లెంగ్ అడిగితే మీరు సైకిల్ ఇస్తున్నారు. దీన్ని అడ్వెంచర్ అనకండి, వాకింగ్ అనండి.

భీమిలి బాటసారి

ఆ మాట నిజమే. కంబోడియాకి వెళ్లేది అంకోర్ కోసం. పిల్లాడికి అలా చెప్తేనే మంచిది, లేకపోతే మూడో రోజుకి అలుగుతాడు.

సింగపూర్ సీత

నేనేం హా గియాంగ్‌కి సమానం అనలేదే. వాడు కాస్త పెద్దయ్యాక, అక్టోబరులో, స్నేహితులతో వెళ్లి వెనక సీట్లో కూర్చోమనండి. అమ్మానాన్నలతో బైక్ ట్రిప్ ఏ కుర్రాడికి కావాలి చెప్పండి?

నాచారం నాగు

ట్రావెల్స్ అతనికి వద్దని చెప్పేశాను. ఏడు రోజులు సియెమ్ రీప్, రాకపోకలకి రెండు. మా వాడు ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద: ఇంటర్ అయ్యాక హా గియాంగ్‌కి డబ్బులిస్తానని ఈ పోస్టులోనే రాయాలట. రాశాను. గేర్ మార్చు తమ్ముడూ, నువ్వే సాక్షి.

మాస్టారూ, అమ్మ అడుగుతోంది. ఆ కోతి ఉన్న గోడ దగ్గర కాసేపు కూర్చోవడానికి నీడ ఉంటుందా?

రిటైర్డ్ లెక్కల మాస్టారు

వసారాకి పైకప్పు ఉందమ్మా. తూర్పు ముఖం కాబట్టి పొద్దున ఎండ లోపలికి కొడుతుంది, మధ్యాహ్నం రెండు తర్వాత వెళ్లండి. గోడకి ఎదురుగా స్తంభాల కింద రాతి అరుగు ఉంటుంది, మేం అక్కడే కూర్చున్నాం. గోడని మాత్రం ముట్టుకోనివ్వరు. పూర్వం తాకినవాళ్ల చేతులకి కొన్ని చోట్ల రాయి నున్నగా, నల్లగా మెరుస్తోంది.