పన్నెండో రోజుకీ పుట్టినప్పటి బరువు రాలేదు, డబ్బా పాలు మొదలెట్టాలా?

ఆమదాలవలస కోడలు:
నెలలు నిండి, మామూలు కాన్పు. పాప పుట్టినప్పుడు 2.9 కిలోలు, మూడో రోజు ఇంటికి పంపినప్పుడు 2.68. నిన్న, అంటే పన్నెండో రోజున, ఆశా అమ్మని పిలిచి తూయిస్తే 2.82. మూడు గంటలకోసారి, రెండు వైపులా అయిదేసి నిమిషాలు పాలు పడుతున్నాం. పాలు చాలట్లేదు, డబ్బా తెప్పించమని అత్తగారు. ఈ ఉక్కకి చెంచాడు నీళ్లయినా పట్టమంటున్నారు. పాప రొమ్ములు ఉబ్బాయి, పిండాలట. కళ్లలో కాస్త పసుపు కూడా ఉంది. ఏటి చెయ్యమంటారు?

విజయనగరం నర్సమ్మ:
డబ్బా ఇప్పుడే వద్దమ్మా. పుట్టిన బరువులో పదో వంతు వరకు మొదట్లో తగ్గడం మామూలే. మీ పాప తగ్గింది 220 గ్రాములు, అంటే ఏడున్నర శాతం. ఆ తర్వాత తొమ్మిది రోజుల్లో 140 పెరిగింది. రోజుకి 20 నుంచి 30 గ్రాములు రావాలి, 15 దగ్గర ఆగింది. కారణం మీరు రాసినదాంట్లోనే ఉంది: గడియారం. ముందొచ్చే పాలు పలచన, చిక్కటివి చివర్న వస్తాయి. అయిదు నిమిషాలకే రొమ్ము మారిస్తే ఆ చిక్కటివి అందవు. ఒక వైపు తనంత తాను వదిలాకే రెండోది ఇవ్వండి. రాత్రితో కలిపి రోజుకి 8 నుంచి 12 సార్లు పట్టాలి. మధ్యలో నిద్రపోతే గుడ్డ విప్పి అరికాలు రుద్దండి.

పట్టు కూడా చూసుకోండి. నోరు బాగా తెరిచాక బిడ్డని దగ్గరకి లాగాలి. గడ్డం రొమ్ముకి ఆనాలి, కింది పెదవి బయటకి తిరగాలి. బుగ్గలు గుంటలు పడి చప్ చప్‌మని శబ్దం వస్తుంటే చనుమొన ఒక్కటే పట్టిందన్నమాట. చిటికెన వేలు నోటి మూల నుంచి పెట్టి విడిపించి మళ్లీ పట్టించండి. గుటకలు వినబడాలి.

గజపతినగరం:
ఆసుపత్రి తూనికనీ ఆశా సంచి తూనికనీ కలిపి లెక్కేస్తే 50, 100 గ్రాములు అటూ ఇటూ అయిపోతాయి. రేపు పద్నాలుగో రోజు, ఆశా ఎలాగూ రావాలి (3, 7, 14, 21, 28, 42 రోజుల్లో వస్తారు). ఖాళీ సంచి తగిలించి ముల్లు సున్నాకి తెచ్చి, బట్టల్లేకుండా తూయమనండి. అంతకన్నా నమ్మకమైన లెక్క ఉచ్చగుడ్డలది. డైపరు మానేసి గుడ్డలే కట్టండి. రోజుకి ఆరు తడవాలి, విరోచనం పసుప్పచ్చగా ఉండాలి. ఈ వయసులో గుడ్డ మీద ఇటుక రంగు మరక కనిపిస్తే పాలు తక్కువైనట్టు. నీళ్లు అక్కర్లేదు, తల్లిపాలలో ఎనభై అయిదు శాతం పైన నీళ్లే. నీళ్లతో పొట్ట నింపితే ఆ మేరకి పాలు తాగదు.

ఆమదాలవలస కోడలు:
రేపు కూడా 2.9 రాకపోతే?

విజయనగరం నర్సమ్మ:
పిల్లల డాక్టరుకి చూపించాలి. ఈలోగా ప్రతిసారీ పట్టాక మిగిలిన పాలు పిండి, పదినిమిషాలు మరిగించిన ఉగ్గుగిన్నెతో పట్టండి. సీసా వద్దు. పిండిన పాలు నాలుగు గంటలకి మించి బయట ఉంచొద్దు, ఈ ఎండల్లో ఇంకా ముందే వాడేయండి.

పాలకొండ అక్క:
పాప రొమ్ములు మాత్రం ముట్టుకోవద్దు. తల్లి హార్మోన్ల వల్ల మగపిల్లలకీ ఉబ్బుతాయి, చుక్క పాలు కూడా రావచ్చు, కొన్ని వారాల్లో అవే తగ్గుతాయి. పిండితే చీము పడుతుంది. బొడ్డు మీద పసుపు, బూడిద, నూనె ఏవీ వద్దు.

కళ్లలో పసుపు (కామెర్లు) రెండు వారాలు దాటినా తగ్గకపోతే చూపించండి. అరచేతులు, అరికాళ్లకి దిగితే ఆ రోజే. విరోచనం సున్నంలా తెల్లగా ఉంటే ఒక్క పూట కూడా ఆగొద్దు: పిత్తనాళం మూసుకుపోయిన పిల్లలకి ఆపరేషను రెండు నెలలలోపు జరిగితేనే బాగా ఫలిస్తుంది. పాలు మానేసినా, నిమిషానికి 60 దాటి ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, ఒళ్లు చల్లబడినా, కాలినా 108కి ఫోన్ చేయండి. శ్రీకాకుళం ప్రభుత్వ పెద్దాసుపత్రిలో (రిమ్స్ అంటారు) నవజాత శిశువుల వార్డు ఉంది. ఒళ్లో బిడ్డని గుండెకి ఆనించుకునే తీసుకెళ్లండి, దారిలో చల్లబడకుండా.