ప్రెయిరీలో పసుపు పువ్వు: పొద్దుతిరుగుడా, సిల్ఫియమా?

ప్రశ్న:
అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, రైలుపట్టాల పక్కన ఎన్నడూ దున్నకుండా మిగిలిపోయిన ప్రెయిరీ గడ్డిభూమిలో, జులై చివర్లో పొద్దుతిరుగుడును పోలిన పసుపు పూల మొక్క కనిపించింది. అది భుజం ఎత్తున ఉంది. ముట్టుకుంటే గరుకుగా తగిలే ఆకులు కణుపుకు రెండేసి చొప్పున ఎదురెదురుగా, తొడిమ లేకుండా ఉన్నాయి. కాండాన్ని గిల్లితే జిగురు వచ్చింది. ఇది అడవి పొద్దుతిరుగుడేనా, లేక అక్కడి సహజమైన మరో జాతా? ఫొటోలో పువ్వు తప్ప మిగతా భాగాలు స్పష్టంగా పడలేదు. మళ్లీ వెళ్లినప్పుడు ఏమేమి పరిశీలించాలో దయచేసి చెప్పండి.

సమాధానం:
జిగురు, గరుకు ఆకులు అన్నారు కనుక సిల్ఫియం ప్రజాతిని ముందుగా అనుమానించాలి. ఇల్లినాయ్ ప్రెయిరీల్లో ఈ ప్రజాతివి ముఖ్యంగా నాలుగు జాతులు కనిపిస్తాయి. పువ్వులను చూసి వాటిని వేరుచేయడం కష్టం, ఆకులను చూస్తే మాత్రం చాలా సులువు. కంపాస్ ప్లాంట్ ఆకులు లోతుగా చీలి, చాలావరకు ఉత్తర దక్షిణాలకు అంచులు తిప్పి నిటారుగా నిలుస్తాయి. ప్రెయిరీ డాక్‌కు పెద్ద ఆకులన్నీ మొక్క మొదట్లో, నేల దగ్గరే ఉండి, పూకాడ దాదాపు బోసిగా పైకి లేస్తుంది. కప్ ప్లాంట్ కాండం నలుపలకలుగా ఉంటుంది; ఎదురెదురు ఆకుల మొదళ్లు కలిసిపోయి దొప్పలా ఏర్పడటంతో వాననీరు అందులో నిలుస్తుంది. మీరు చూసిన మొక్కకు కాండం గుండ్రంగా ఉండి, ఆకుల మొదళ్లు కలవకుండా ఉంటే, అది నాలుగోదైన రోసిన్‌వీడ్, అంటే సిల్ఫియం ఇంటిగ్రిఫోలియం, కావచ్చు.

మరో సమాధానం:
ఆకులతో పాటు పువ్వునూ విప్పి చూడండి. నా దృష్టిలో అన్నిటికన్నా నమ్మదగిన ఆధారం అదే. మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి అనేక చిన్న పుష్పకాల గుత్తి. పొద్దుతిరుగుడులో అంచున రేకుల్లా కనిపించే పుష్పకాలు గొడ్డువి, గింజలు మధ్యనున్న పుష్పకాలకే పడతాయి. సిల్ఫియంలో ఇది తలకిందులుగా ఉంటుంది: అంచు పుష్పకాలే గింజ కడతాయి, మధ్యవి పుప్పొడి ఇచ్చి ఊరుకుంటాయి. అందువల్ల పసుపు రేకు మొదట్లో రెండుగా చీలిన కీలాగ్రం (పుప్పొడిని అందుకునే కొన) కనిపిస్తే అది పొద్దుతిరుగుడు కాదు. అయితే హీలియాప్సిస్ అనే మరో పసుపు పువ్వుకూ అంచు పుష్పకాలు గింజ కడతాయి, ఆకులు ఎదురెదురుగానే ఉంటాయి. దాని ఆకులకు తొడిమలు, రంపపు అంచులు ఉంటాయి. పైగా మధ్య పుష్పకాలు కూడా గింజ పెడతాయి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మళ్లీ వెళ్లి చూశాను. కాండం గుండ్రంగానే ఉంది, ఆకుల మొదళ్లు ఎక్కడా కలవలేదు, రేకు మొదట్లో చీలిన కీలాగ్రం స్పష్టంగా కనిపించింది. పువ్వు అడుగున వెడల్పాటి ఆకుపచ్చ పుచ్ఛాలు, అంటే చిన్న ఆకుల్లాంటి భాగాలు, ఒకదానిపై ఒకటి పరచుకుని ఉన్నాయి.

మొదటి సమాధానమిచ్చినవారు:
అలాగైతే రోసిన్‌వీడే. వెడల్పాటి పుచ్ఛాలు కూడా సిల్ఫియం లక్షణమే; అడవి పొద్దుతిరుగుళ్లకు అవి సాధారణంగా సన్నగా, మొనదేలి ఉంటాయి. ఏటేటా విత్తనక్కర్లేని నూనెగింజ పంటగా దీన్ని మలచేందుకు కాన్సస్ రాష్ట్రంలోని ల్యాండ్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రజ్ఞులు కృషి చేస్తున్నారు. మొక్కను తవ్వి తెచ్చే ఆలోచన ఉంటే మాత్రం మానుకోండి. వేరు చాలా లోతుకు దిగుతుంది కనుక అది బతకడం కష్టం, పైగా దున్నని ప్రెయిరీ ఇల్లినాయ్‌లో ఇప్పుడు అత్యల్పంగా మిగిలింది. పెంచాలనుకుంటే స్థానిక మొక్కల నర్సరీలో గింజలు కొని శరత్కాలంలో చల్లండి. చలికాలపు తేమ, చల్లదనం తగిలిన గింజలు వసంతంలో బాగా మొలుస్తాయి.