టిఫిన్ సెంటర్ పనివాళ్ల భోజనం, గది ఖర్చు కనీస వేతనంలో కలపొచ్చా?

గుంటూరులో చిన్న టిఫిన్ సెంటర్ నడుపుతున్నాను. నలుగురు పనివాళ్లు. దోశ మాస్టర్‌కి అడిగినంత ఇవ్వక తప్పదు, లేకపోతే రేపటికి పక్క వీధి పెనం ముందు తేలతాడు! టెన్షన్ అంతా ప్లేట్లు కడిగే ఆవిడ, ఇద్దరు సప్లయర్ల గురించే. వాళ్ల చేతికిచ్చే నగదు కనీస వేతనం కంటే తక్కువే, నిజం. కానీ రెండు పూటలా భోజనం, సప్లయర్లకి గది అద్దె నావే. ఏప్రిల్, అక్టోబరుల్లో కనీస వేతనంలోని డీఏ (కరువు భత్యం) మారినప్పుడల్లా లెక్క మళ్లీ మొదటికొస్తోంది. ఇడ్లీ ప్లేటుకి 5 రూపాయలు పెంచితే రోజూ వచ్చేవాళ్లే మొహం తిప్పేస్తున్నారు.

ఈ భోజనం, గది విలువను జీతంలో చూపించొచ్చా, మొత్తం నగదే ఇవ్వాలా? తెల్లవారుజామున నాలుగున్నరకే పని మొదలవుతుంది. మధ్యాహ్నం మూడు గంటలపాటు ఇచ్చే విరామం తీసేసి ఓవర్‌టైమ్ లెక్కేయాలా? హోటళ్లవాళ్లు, లేబర్ రిజిస్టర్లు రాసేవాళ్లు ఎవరైనా కాస్త చెప్పండి.