ట్రస్టుకు రాసిన ఫ్లాటుపై ఫ్యామిలీ కోర్టుకు అధికారం ఉందా?

ప్రశ్న:
పెద్దలకు నమస్కారం. మా అక్క జీతంలోంచి వాయిదాలు కట్టి విశాఖలో కొన్న ఫ్లాటు బావగారి పేర రిజిస్టరయింది. విడాకుల కేసుకు ముందే ఆయన దాన్ని కుటుంబ ట్రస్టుకు రాసి, తన తల్లినీ తమ్ముణ్ణీ ట్రస్టీలుగా పెట్టారు. ఆస్తి తనది కాదు గనుక ఫ్యామిలీ కోర్టుకు పని లేదంటున్నారు. అక్క సివిల్ కోర్టుకే వెళ్లాలా?

మొదటి జవాబు:
అక్కర్లేదనే నా అభిప్రాయం. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం 7వ సెక్షన్ వివరణలోని (సి) క్లాజు ప్రకారం, దంపతులిద్దరిదీ గానీ వారిలో ఒకరిదీ గానీ అయిన ఆస్తి గురించి వారి మధ్య నడిచే దావా ఆ కోర్టుదే. విడాకులయ్యాక కూడా ఈ అధికారం ఉంటుందని 2003లో కె.ఎ. అబ్దుల్ జలీల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. జీవిత భాగస్వామి పేర, తెలిసిన ఆదాయంతో కొన్న ఆస్తికి, ఇతరుల పేర ఆస్తి కొనడాన్ని నిషేధించే బినామీ చట్టం మినహాయింపు ఇస్తుంది గనుక, వాయిదాలు కట్టిన జీతం ఖాతా స్టేట్‌మెంట్లు జాగ్రత్త చేయండి.

రెండో జవాబు:
అంత తేలిక కాదండీ. ట్రస్టు దస్తావేజు చెల్లదనాలంటే ట్రస్టీలను ప్రతివాదులుగా చేర్చాలి. వారు దంపతులు కారు. భర్త బంధువులను ఫ్యామిలీ కోర్టు దావాలోకి ఎంతవరకు లాగవచ్చన్న దానిపై హైకోర్టులన్నీ ఒకే మాట మీద లేవు. పైగా అది నిజంగానే ప్రజల కోసం పెట్టిన ధార్మిక ట్రస్టయితే, దాని నిర్వహణ తగవులకు సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ దారి వేరు. మీది ఇంటి ట్రస్టే గనుక ఆ బెడద లేదు.

మూడో జవాబు:
యాజమాన్యం తేలేదాకా మీ అక్కగారు భరణం కోసం ఆగనక్కర్లేదు. స్థిరాస్తి రాబడి నుంచి పోషణ పొందే హక్కు ఉన్నవారు, దాన్ని ప్రతిఫలం లేకుండా ఎవరికి రాసినా, పుచ్చుకున్నవారి మీద ఆ హక్కును అమలు చేయించుకోవచ్చని ఆస్తి బదిలీ చట్టం 39వ సెక్షన్ చెబుతోంది. ఫ్లాటు అద్దెకిచ్చి ఉంటే ఇది బాగా పనికొస్తుంది. కట్నంగా ఇచ్చిన సొమ్మేదైనా ఉంటే, 1961 నాటి వరకట్న నిషేధ చట్టం 6వ సెక్షన్ కింద దాన్ని ఆమె తరఫున ట్రస్టీలా పట్టుకున్నది అత్తింటివారే, ఈ విషయం వకీలుకు మరవకుండా చెప్పండి. ముందుగా సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆస్తిపై రిజిస్టరయిన లావాదేవీలు చూపే ధ్రువపత్రం), ట్రస్టు దస్తావేజు సర్టిఫైడ్ నకలు తీయించి, ఫ్లాటు అమ్మకుండా మధ్యంతర నిషేధపుటుత్తర్వు కోరండి.